ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ: నర్సుగా చేస్తున్న మా ఆవిడ మెయిన్ అప్లికెంటా, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నేనా?

కొండపల్లి బొమ్మ:

నమస్కారమండీ. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం, పాయింట్లను బట్టి మనుషుల్ని ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ వేయాలనుకుంటున్నాం. మా వివరాలు ఇవి.

నాకు 33. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్, సాఫ్ట్‌వేర్‌లో 10 ఏళ్లు, అందులో 14 నెలలు అమెరికాలో ఆన్‌సైట్. మా ఆవిడకి 30. విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీలో 4 ఏళ్ల బీఎస్సీ నర్సింగ్. రెండు ఆస్పత్రుల్లో కలిపి 5 ఏళ్లు స్టాఫ్ నర్సు, మధ్యలో ప్రసూతి సెలవు. పాపకి 3 ఏళ్లు. కెనడాలో బంధువులెవరూ లేరు. ఐఈఎల్‌టీఎస్ ఇంకా రాయలేదు.

అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, "10 ఏళ్ల అనుభవం మీది కాబట్టి మీరే మెయిన్ అప్లికెంట్, మీ ఆవిడ ఇప్పుడు రావట్లేదని పెడితే పాయింట్లు పెరుగుతాయి" అన్నారు. డబ్బు విషయానికొస్తే సేవింగ్స్, ఎఫ్‌డీ కలిపి 8 లక్షలు, పీఎఫ్ 6 లక్షలు, మొన్న చిట్టీ పాడితే వచ్చినవి 5 లక్షలు. ఇది సరిపోతుందా? ఎవరి పేరు ముందు పెట్టాలి? కాగితాల్లో ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలిసినవాళ్లు చెప్పగలరు.

తుంగభద్ర:

మీ ఆవిడనే మెయిన్ అప్లికెంట్‌గా పెట్టండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఈ పాయింట్ల లెక్కని సీఆర్‌ఎస్ అంటారు. ఇద్దరికీ ఇంగ్లీషులో సీఎల్‌బీ (కెనడా వాళ్ల భాషా స్థాయి కొలత) 9 వచ్చిందనుకుందాం.

ఆవిడ మెయిన్ అయితే: వయసు 30కి 95, డిగ్రీకి 112, ఇంగ్లీషుకి నాలుగు విభాగాల్లో 29 చొప్పున 116. డిగ్రీ, సీఎల్‌బీ 9 కలిసినందుకు 25. మూడేళ్లు దాటిన విదేశీ అనుభవం, సీఎల్‌బీ 9 కలిసినందుకు 50. భర్తగా మీ చదువుకి 8, మీ ఇంగ్లీషుకి 20. మొత్తం 426.

మీరు మెయిన్ అయితే అన్నీ అవే, వయసు దగ్గర మాత్రం 95 బదులు 80. మొత్తం 411. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన 10 ఏళ్ల అనుభవం ఇక్కడ కలిసి రాదు. సీఆర్‌ఎస్ లెక్కలో కెనడా బయటి అనుభవం మూడేళ్లు దాటాక 10 అయినా 20 అయినా పాయింట్లు అవే.

అయితే అసలు తేడా ఈ 15 పాయింట్లది కాదు. పూల్‌లో ఉన్న ప్రొఫైళ్లలోంచి పాయింట్లు ఎక్కువ ఉన్నవాళ్లకి ఇన్విటేషన్ ఇవ్వడాన్ని డ్రా అంటారు. 2023 జూన్ నుంచి కొన్ని వృత్తులకీ, ఫ్రెంచ్ భాషకీ విడిగా పిలిచే కేటగిరీ డ్రాలు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాను మార్చినప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, డెవలపర్లు, డేటా సైంటిస్టులు అందులోంచి పోయారు. ఐటీ వైపు మిగిలింది సైబర్ సెక్యూరిటీ ఒక్కటే. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజనీర్లు ఉన్నారు. అంటే మీ ప్రొఫైల్ పూల్‌లో ఉన్నా మీ వృత్తిని పిలిచే కేటగిరీ డ్రా లేదు. కెనడాలో పని చేసినవాళ్లకి పెట్టే సీఈసీ డ్రాలు మీకు వర్తించవు, పైగా 2025లో వాటి కటాఫ్‌లు 500 పైనే నడిచాయి.

హెల్త్ కేటగిరీ అలా కాదు. రిజిస్టర్డ్ నర్సు వృత్తి కోడ్ 31301 అందులో ఉంది. 2025 మే 2న ఆ డ్రా కటాఫ్ 510 ఉంటే ఆగస్టు 19న 470, నవంబర్ 14న 462. ఒక్కో డ్రాకి పిలిచే సంఖ్యను బట్టి ఇది పైకీ కిందికీ ఆడుతుంది. మీ 426కీ దానికీ దూరం ఉంది, కానీ దాటలేనంత కాదు.

దాటడానికి నాకు కనిపించే దారులు ఇవి. మొదటిది రెండో క్వాలిఫికేషన్. ఆవిడకి బీఎస్సీ మీద ఏడాది లేదా అంతకు మించిన పీజీ డిప్లొమా ఏదైనా ఉందా? ఉంటే దానికీ ఈసీఏ (మన చదువు కెనడాలో దేనికి సమానమో చెప్పే మదింపు) చేయించండి. యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీదై, ఈసీఏ నివేదికలో ఏడాదికి తక్కువ కాని క్రెడెన్షియల్ అని వస్తే, చదువు 112 నుంచి 119 అవుతుంది, చదువు-భాష కలయిక 25 నుంచి 50 అవుతుంది. ఒక్క కాగితంతో 32 పాయింట్లు, మొత్తం 458. లేకపోతే ఇప్పుడు చేరవచ్చు. ఇగ్నోలో హాస్పిటల్ అండ్ హెల్త్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా ఉద్యోగం చేస్తూ చదవదగ్గదే. కాకపోతే ఆ ఏడాది గడిచేలోగా పుట్టినరోజు వస్తుంది, వయసులో 5 పోతాయి, అది కలుపుకుని లెక్క వేసుకోండి.

రెండోది ఇంగ్లీషులో సీఎల్‌బీ 10. నాలుగింట్లోనూ వస్తే ఇంకో 12. పీజీ డిప్లొమాతో కలిపితే 470.

మూడోది ఫ్రెంచ్. నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కి సీఎల్‌బీ లాంటి కొలత) 7 తెస్తే అదనంగా 50, రెండో భాష కింద 12, కలిపి 62. దాంతోపాటు ఫ్రెంచ్ కేటగిరీ డ్రాలకి కూడా అర్హత వస్తుంది. 2025 మార్చి 21న ఆ కటాఫ్ 379. అలయన్స్ ఫ్రాన్సేజ్ హైదరాబాద్‌లో క్లాసులున్నాయి, పరీక్ష టీఈఎఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా. సున్నా నుంచి మొదలుపెడితే ఏడాది పైనే గట్టిగా చదవాలి. నాలుగు నెలల్లో వస్తుందని చెప్పే ఇన్‌స్టిట్యూట్ల మాట నమ్మకండి.

కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన "రావట్లేదు" సంగతి కూడా తేల్చేద్దాం. భర్త రావట్లేదని పెట్టి ఆవిడ ఒక్కరి లెక్క వేస్తే వయసు 105, చదువు 120, ఇంగ్లీషు 124, కలయికలు 75, మొత్తం 424. మీతో కలిసి వస్తున్న 426 కన్నా రెండు తక్కువ! లాభం లేనిదానికి రిస్కు ఎందుకు? నిజంగా కలిసి వెళ్లే ఉద్దేశం ఉండి రావట్లేదని రాస్తే తప్పుడు సమాచారం కింద 5 ఏళ్ల నిషేధం పడవచ్చు. వచ్చినా రాకపోయినా భర్తనీ పాపనీ ఫారాల్లో చూపించాల్సిందే. చూపించని వాళ్లని తర్వాత ఫ్యామిలీ స్పాన్సర్‌షిప్ మీద తెచ్చుకోవడం చాలా కష్టం.

పాలపిట్ట:

తుంగభద్ర గారి లెక్క సరైనదే. ఇంగ్లీషు దగ్గర ఒక మాట కలుపుతాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ నష్టపోయేది అక్కడే.

ఐఈఎల్‌టీఎస్‌లో జనరల్ ట్రైనింగే రాయాలి, అకడమిక్ చెల్లదు. సీఎల్‌బీ 9 అంటే లిజనింగ్ 8.0, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ ఒక్కోటి 7.0. లిజనింగ్‌కి 8 కావాలన్నది చాలామంది గమనించరు. మిగతా మూడూ వచ్చి లిజనింగ్ 7.5 దగ్గర ఆగిందనుకోండి. ఆ విభాగంలో 29 బదులు 22. అంతటితో ఆగదు, కలయికల్లో నాలుగూ 9 ఉండాలన్న షరతు తప్పింది కాబట్టి 25 కాస్తా 13, 50 కాస్తా 25 అవుతాయి. అర బ్యాండు తగ్గినందుకు 44 పాయింట్లు పోయి 426 నుంచి 382కి పడిపోతారు. అందుకే 7.5తో ప్రొఫైల్ వేసి కూర్చోవడం కన్నా మళ్లీ రాయడమే మేలు. సీఎల్‌బీ 10కి లిజనింగ్ 8.5, రీడింగ్ 8.0, రైటింగ్, స్పీకింగ్ 7.5.

కంప్యూటర్ మీద టైపింగ్ అలవాటున్న వాళ్లకి సెల్పిప్, పీటీఈ కోర్ అనే ఇంగ్లీషు పరీక్షలు కూడా ఉన్నాయి. పీటీఈలో కోర్ ఒక్కటే చెల్లుతుంది, ఆస్ట్రేలియాకి రాసే అకడమిక్ పనికిరాదు. ఏ పరీక్షైనా ఫలితం రెండేళ్లే. ప్రొఫైల్ వేసిన రోజే కాదు, పీఆర్ దరఖాస్తు సబ్మిట్ చేసే రోజున కూడా గడువు ఉండాలి.

మీరు కూడా పరీక్ష రాయాలండీ. భర్త స్కోరు 20 పాయింట్లు తేలిగ్గా వచ్చేవి. సీఎల్‌బీ 7, 8 దగ్గర ఆగినా 12 వస్తాయి. అలాగే మీ బీటెక్‌కీ ఈసీఏ చేయించకపోతే ఆ 8 పాయింట్లు సున్నా.

ఇక ఈసీఏ. ఈసీఏ చేసే సంస్థ డబ్ల్యూఈఎస్‌లో ముందు అకౌంట్ తెరిచి రిఫరెన్స్ నంబరు తీసుకోండి. మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ యూనివర్సిటీ నుంచే నేరుగా వాళ్లకి చేరాలి. మీరు స్కాన్ చేసి పంపితే తీసుకోరు. డిగ్రీ పట్టా, ఓడీ అంటామే, దాని కాపీ మీరు అప్‌లోడ్ చేస్తారు. ఓడీ తీసుకోకుండా ప్రొవిజనల్‌తోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చే అలవాటు మనవాళ్లది. తీసుకోకపోయి ఉంటే ఇవాళే దరఖాస్తు పెట్టండి.

హెల్త్ యూనివర్సిటీ దగ్గర ఇంకో చిక్కుంది. 2022లో దాని పేరు వైఎస్సార్ అని మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. ఆవిడ పట్టా మీద ఒక పేరు, ఇప్పుడొచ్చే ట్రాన్‌స్క్రిప్ట్ కవరు మీద ఇంకో పేరు ఉండే అవకాశం లేకపోలేదు. డబ్ల్యూఈఎస్ ఫారంలో పట్టా మీద ఉన్న పేరే రాసి, పేరు మార్పు సంగతి ఒక చిన్న లేఖలో తెలపండి.

మనుషుల పేర్లు ఇంకా పెద్ద తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఇంటిపేరుకి ఒక్క అక్షరం, పెళ్లయ్యాక పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు. ఇలా మూడు రకాలుంటే పెళ్లి సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్ రెండూ జతచేయండి. ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) ఫారాల్లో మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే పేరంతా ఫ్యామిలీ నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ ఖాళీగా వదలాలి.

నల్లరేగడి:

డబ్బు సంగతి చెప్తాను. అక్కడ స్థిరపడటానికి మీ దగ్గర ఉందని చూపాల్సింది ముగ్గురికి 23,360 కెనడా డాలర్లు, 2025 జూలైలో అమల్లోకి వచ్చిన లెక్క. ఇద్దరికైతే 19,001, నలుగురికి 28,362. ఏటా పెంచుతారు కాబట్టి డాలరు 62 రూపాయల దగ్గర ఉంటే 14.5 లక్షలని చూసి సరిగ్గా అంతే పెట్టుకోకండి. 16 లక్షలు ఉంచితే రేటు అటూ ఇటూ అయినా భయం ఉండదు.

మీ లెక్కలో నిలబడేవి 8 లక్షలే. పీఎఫ్ విత్‌డ్రా అయి బ్యాంకులో పడేదాకా చేతిలో ఉన్న డబ్బు కాదు. చిట్టీ డబ్బు ఇంకా చిక్కు: మధ్యలో పాడుకున్న చిట్టీకి మిగతా వాయిదాలు కట్టాలి, అంటే అది అప్పుతో సమానం. అప్పు తెచ్చిన డబ్బు చూపకూడదని నిబంధనలోనే ఉంది. బంగారం, ప్లాటు, పొలం విలువలు కూడా లెక్కలోకి రావు. అమ్మితే వచ్చిన డబ్బు వస్తుంది, సేల్ డీడ్ జతచేస్తే. తల్లిదండ్రులు ఇస్తే గిఫ్ట్ డీడ్, తిరిగి ఇవ్వక్కర్లేదన్న మాట అందులో స్పష్టంగా, వాళ్ల ఖాతాలోకి ఆ డబ్బు ఎలా వచ్చిందో చూపే స్టేట్‌మెంట్.

బ్యాంకు లెటర్ విషయంలో బ్రాంచి వాళ్లు సాధారణంగా ఇచ్చే బ్యాలెన్స్ సర్టిఫికెట్ చాలదు. లెటర్‌హెడ్ మీద బ్యాంకు చిరునామా, ఫోను, ఈమెయిల్, ప్రతి ఖాతా నంబరు, తెరిచిన తేదీ, ఇవాళ్టి నిల్వ, గత 6 నెలల సగటు నిల్వ, ఉన్న అప్పులు అన్నీ ఉండాలి. ఆ 6 నెలల సగటు దగ్గరే బ్రాంచిలో మొండికేస్తారు. నమూనా లెటర్ టైపు చేసి పట్టుకెళ్తే పని త్వరగా అవుతుంది. హోమ్‌లోన్ ఉంటే దాచకండి, అప్పుల వరుసలో రాయించండి. దరఖాస్తు రోజునే కాదు, వీసా వచ్చేదాకా ఆ డబ్బు కదలకుండా ఉండాలి.

ఫీజులు వేరు. 2024 ఏప్రిల్ 30 నాటి పట్టిక ప్రకారం పెద్దవాళ్లకి ప్రాసెసింగ్ 950, పీఆర్ హక్కు ఫీజు 575, ఒక్కొక్కరికి 1,525. పాపకి 260. కుటుంబానికి బయోమెట్రిక్స్ 170. మొత్తం 3,480 డాలర్లు. రెండేళ్లకోసారి సవరిస్తారు కాబట్టి కట్టే రోజున సైట్లో చూడండి. కార్డుకి ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి, లిమిట్ పెంచుకుని కూర్చోండి.

కొండపల్లి బొమ్మ:

ముగ్గురికీ ధన్యవాదాలండీ. ఆవిడ హెల్త్ యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్ట్‌కి రేపే పెడతాం. రెండు సందేహాలు. ఆవిడ మొదట చేసింది చిన్న నర్సింగ్ హోమ్, జీతం సగం చేతికే ఇచ్చేవారు, అది చూపించవచ్చా? ఇన్విటేషన్ వచ్చాక పీఆర్ దరఖాస్తు పెట్టడానికి 60 రోజులే అంటున్నారు, అందులో ఏవి ముందే చేసి పెట్టుకోవాలి?

తుంగభద్ర:

నర్సింగ్ హోమ్ అనుభవం నిజమైనదైతే చూపించండి, కానీ దాని మీదే ఆధారపడకండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మీకు వర్తించే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ కార్యక్రమానికి కావలసింది ఒకే వృత్తి కోడ్‌లో వరుసగా ఒక ఏడాది, వారానికి 30 గంటలు, జీతంతో, గత 10 ఏళ్లలో. ప్రసూతి సెలవు జీతంతో ఇచ్చినా అది అనుభవం కింద రాదు. అందుకని సెలవుకి ముందో తర్వాతో తెగకుండా 12 నెలలు ఏ ఆస్పత్రిలో ఉన్నాయో చూసి, ప్రధాన అనుభవంగా దాన్ని పెట్టండి. కేటగిరీ డ్రాకి గత 3 ఏళ్లలోని పని చూస్తారు కాబట్టి ఇప్పటి ఆస్పత్రి లెటర్ బలంగా ఉండాలి. 50 పాయింట్లకి మూడేళ్లు నిండాలి, అక్కడా సెలవు నెలలు తీసేసి కూడండి.

లెటర్‌లో ఉండాల్సినవి: లెటర్‌హెడ్, హోదా, చేరిన తేదీ, ఇప్పటిదాకా అనో వదిలిన తేదీయో, వారానికి గంటలు, జీతం, విధులు, సంతకం చేసినవారి హోదా, ఫోను. విధులు దగ్గర అందరూ చేసే తప్పు నాక్ (కెనడా వృత్తి కోడ్‌ల జాబితా) సైట్లోంచి వాక్యాలకి వాక్యాలు ఎత్తేయడం. ఆఫీసరుకి అది చూడగానే తెలిసిపోతుంది. ఐసీయూలో చేసిందా, లేబర్ వార్డులోనా, ఎన్ని పడకలు, మందులు, ఐవీ, డ్రెస్సింగు, చార్టు రాయడం, షిఫ్ట్ అప్పగింత ఇలా నిజంగా చేసిన పని మామూలు మాటల్లో రాయించండి. స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాపీ జతచేయండి.

చేతికిచ్చిన జీతానికి ఆధారం ఉండదు. పేస్లిప్పులు లేకపోతే నియామకపు లెటర్, ఉన్నంతవరకు బ్యాంకు ఎంట్రీలు, డ్యూటీ రోస్టర్, వివరంగా ఒక వివరణ లేఖ. మీ ఐటీ కంపెనీ హెచ్‌ఆర్ విధులు రాయని సర్వీస్ లెటరే ఇస్తానంటే కంగారు అక్కర్లేదు. మీరు మెయిన్ కాదు కాబట్టి మీ అనుభవానికి పాయింట్లు లేవు, మీ ఉద్యోగ చరిత్ర ఫారంలో నెలలు ఖాళీ లేకుండా ఉంటే చాలు. మెయిన్‌గా ఆవిడని పెట్టడంలో ఇదొక కలిసొచ్చే సంగతి.

పాలపిట్ట:

60 రోజుల సంగతి నేను చెప్తాను.

ఇప్పుడే మొదలుపెట్టాల్సింది అమెరికా పోలీస్ క్లియరెన్స్, అంటే మీ ఎఫ్‌బీఐ రిపోర్టు. గత 10 ఏళ్లలో వరుసగా 6 నెలలు లేదా అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీస్ క్లియరెన్స్ కావాలి, మీ 14 నెలలు అందులోకి వస్తాయి. ఫీజు 18 అమెరికా డాలర్లు, వేలిముద్రల కార్డు సరిగ్గా పడకపోతే తిరస్కరిస్తారు. రెండు కార్డులు తీయించి ఉంచుకోండి. అమెరికా వదిలాక తీసుకున్నది కాబట్టి మళ్లీ అక్కడికి వెళ్లి ఉండనంతవరకు పాతబడదు. ఇండియా పోలీస్ క్లియరెన్స్ (పీసీసీ) అలా కాదు, దరఖాస్తుకి ముందు 6 నెలల లోపుది కావాలి. అది ఇన్విటేషన్ వచ్చిన రోజున పాస్‌పోర్ట్ సేవాలో బుక్ చేయండి, 500 రూపాయలు. ఇద్దరికీ కావాలి, పాపకి అక్కర్లేదు.

మెడికల్ విషయంలో పాత వీడియోలు చూసి మోసపోకండి. 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ ముందే చేయించి, ఆ కాగితం దరఖాస్తుతోపాటే అప్‌లోడ్ చేయాలి. ఐఆర్‌సీసీ జాబితాలో ఉన్న ప్యానెల్ డాక్టరు దగ్గరే. ఇన్విటేషన్ వచ్చిన మొదటి వారంలోనే వెళ్లండి. ఎందుకంటే ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపిస్తే కఫం కల్చర్‌కి పంపుతారు, దానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఆస్పత్రిలో పనిచేసే నర్సుల విషయంలో ఇది కొట్టిపారేయాల్సింది కాదు. యాభయ్యో రోజున మెడికల్‌కి వెళ్తే గడువు దాటిపోవచ్చు.

పెళ్లి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ కాకపోతే ఇప్పుడే చేయించండి. శుభలేఖ, ఫోటోలు దాని బదులు నిలవవు. పాప జనన ధృవీకరణ పత్రం తీసి చూడండి, అందులో పాప పేరు ఉందా? పుట్టినప్పుడు పేరు పెట్టకుండానే రిజిస్టర్ అయినవి చాలా ఉంటాయి. పేరు చేర్పించడానికి మున్సిపాలిటీ చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఏ కాగితమైనా తెలుగులో మాత్రమే ఉంటే అనువాదం, అనువాదకుని అఫిడవిట్, అసలు కాపీ మూడూ కలిపి ఒకే ఫైలుగా పెట్టాలి.

వ్యక్తిగత చరిత్ర 10 ఏళ్లది, నెల కూడా ఖాళీ ఉండకూడదు. ఉద్యోగం లేని నెలలు ఉంటే ఉద్యోగం లేదనే రాయండి. కాగితం ఒక్కటి తగ్గినా దరఖాస్తు పరిశీలన దాకా వెళ్లకుండానే వెనక్కి వస్తుంది, ఇన్విటేషన్ కూడా పోతుంది. తెప్పించలేకపోయిన కాగితం ఉంటే ఆ స్థానంలో కారణం, ప్రయత్నించిన రుజువు పెట్టి సబ్మిట్ చేయండి, ఖాళీగా వదలకండి.

నల్లరేగడి:

కన్సల్టెన్సీతోనే వెళ్దామనుకుంటే కెనడాలోని కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ సైట్లో ఆ మనిషి పేరు, లైసెన్సు నంబరు వెతకండి. కంపెనీ పేరు కాదు, మనిషి పేరు. మీ తరఫున పనిచేస్తే ఐఎమ్ఎమ్ 5476 ఫారం మీద వాళ్లు సంతకం పెట్టాలి. పెట్టనంటే, లాగిన్ మా దగ్గరే ఉంటుందంటే, అక్కడి నుంచి వచ్చేయండి. వాళ్లు రాసిన అబద్ధానికి నిషేధం పడేది మీ మీదే.

ఇంకోటి, పీఆర్ వచ్చినంత మాత్రాన ఆవిడ మర్నాడే నర్సుగా చేరలేరు. ఏ ప్రావిన్సుకి వెళ్తే అక్కడి నర్సింగ్ కాలేజీ లైసెన్సు ఇవ్వాలి, ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ పరీక్ష రాయాలి. దానికి కూడా హెల్త్ యూనివర్సిటీ కాగితాలూ, కౌన్సిల్ వెరిఫికేషనూ కావాలి. రేపు ట్రాన్‌స్క్రిప్ట్‌కి విజయవాడ వెళ్తున్నారు కదా, డబ్ల్యూఈఎస్‌కి ఒకటి అడిగే చోట మూడు సీల్డ్ కవర్లు అడగండి.